పొగ యాడికి పోతాంది?

సీమలో 'ఎక్కడికి' అనడానికి 'యాడికి' అంటారు. మా ఊరి పేరూ అదే. అందుకే ఈ దారి బస్సుల్లో టికెట్ తెగేలోపు కండక్టరుకూ కొత్త మనిషికీ చిన్న తగవు మామూలే. కానీ ఆ ఒక్క ప్రశ్న మీదే ఒక సాయంత్రమంతా వాదన నడవడం నేను ఒక్కసారే విన్నాను.

తాడిపత్రి రోడ్డు పక్కన డీజిల్ ఇంజిన్ల రిపేరు షెడ్డు. ముప్పయ్యేళ్లుగా నాజిళ్లూ పంపులూ విప్పి బిగిస్తున్న మేస్త్రీ ఒకవైపు. బెంగుళూరులో క్యాటలిస్టుల మీద పరిశోధన చేస్తూ సెలవుకు వచ్చిన ఆయన మేనల్లుడు మరోవైపు. మధ్యలో, నాజిల్ కారుతోందని నేను తెచ్చిన అయిదు హార్స్‌పవర్ ఇంజిన్. సున్నపురాయి తోలే టిప్పర్లు రోడ్డు మీద తెల్లటి దుమ్ము లేపుతున్నాయి. మేస్త్రీ ఇంజిన్ తిప్పి, సైలెన్సర్ మూతికి తెల్లగుడ్డ అడ్డం పెట్టి చూసుకుంటుండగా మాట మొదలైంది.

మామ: చూడప్పా. పొద్దున ఇదే గుడ్డ కాటుక పూసినట్లయింది. నాజిల్ మార్చి పంపు సరిచేసినాక రోంత బూడిద మచ్చ, అంతే. పొగకు మందు పానాలోనే ఉంది. దాన్ని కడిగేదానికి నువ్వు చెప్పే కరెంటు మెరుపులూ పిడుగులూ ఎందుకు?

అల్లుడు: గుడ్డకు అంటేది మసి ఒక్కటే మామా. అంటకుండా పోయేది ఇంకొకటుంది, నైట్రిక్ ఆక్సైడ్. దానికి రంగు లేదు. బయటి గాలిలో కలిశాక నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. ఎండ తగిలితే ఓజోన్‌ను పుట్టిస్తుంది. అనంతపురం ఎండ సంగతి నీకు నేను చెప్పాలా? ఇక మసీ మిగతావీ కలిసిన డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది.

మామ: ఆ నైట్రిక్ ఆక్సైడ్ యాడనుంచి వస్తాంది? డీజిల్‌లో మనం నైట్రోజన్ పోసినామా?

అల్లుడు: డీజిల్‌లోంచి కాదు, గాలిలోంచి. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నైట్రోజనే. సిలిండర్లో వేడి 1500 డిగ్రీలు దాటితే అది ఆక్సిజన్‌తో జతకడుతుంది. ఒకటి అడుగుతాను, ఇందాక పంపు కింద పలుచటి షిమ్ రేకు ఎందుకు తీశావు?

మామ: టైమింగ్ రోంత అడ్వాన్స్ చేస్తే మసి తగ్గుతాది, డీజిల్ కలిసొస్తాది. ముప్పయ్యేండ్ల లెక్క అది.

అల్లుడు: ఆ లెక్కలో ఒక పద్దు రాయలేదు. ముందుగా మండితే వేడి పెరుగుతుంది, దాంతో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. రిటార్డ్ చేస్తే అది తగ్గి మసి పెరుగుతుంది. గుడ్డను తెల్లగా ఉంచావు, కనపడనిదాన్ని పెంచావు. ఇంజనీర్లు ఇన్నేళ్లుగా పడుతున్న తంటా ఇదే. ఇంజిన్ లోపల ఒకదాన్ని నొక్కితే రెండోది లేస్తుంది. అందుకే పొగ బయటికొచ్చే దారిలో శుద్ధి చేయాలంటారు.

మేస్త్రీ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తీసిన షిమ్ స్టూలు మీద మెరుస్తోంది.

మామ: సరే. పెట్రోలు కార్లకు ఉన్నట్ల ఒక క్యాటలిస్ట్ డబ్బా బిగిస్తే సరిపోదా?

అల్లుడు: పెట్రోలు పొగలో ఆక్సిజన్ దాదాపు మిగలదు. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ తనకు కావలసిన ఆక్సిజన్‌ను నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర లాక్కుంటుంది, నైట్రోజన్ విడిపోతుంది. డీజిల్ పొగలో నూటికి పది పాళ్ల ఆక్సిజన్ ఊరికే తిరుగుతుంటుంది. అది చేతికి అందుతుంటే నైట్రిక్ ఆక్సైడ్ గడప ఎవరు తొక్కుతారు?

మామ: విందులో అన్నం ఉంటే గంజి ఎవరు తాగుతారని.

అల్లుడు: అదే. అందుకే ప్లాస్మా. నీ షెడ్డులోనే రెండు రకాలున్నాయి చూడు. వెల్డింగ్ ఆర్క్ ఒకటి, నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఒకటి. రెండింటిలోనూ వాయువులోంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఆర్క్‌లో అంతా కలిసి వేల డిగ్రీలకు కాగుతుంది. ట్యూబ్‌లైట్‌లో ఎలక్ట్రాన్లు మాత్రమే ఆ ఊపు మీద ఉంటాయి, గాజు గోరువెచ్చగా ఉంటుంది. మాకు కావలసింది ఆ చల్లటి ప్లాస్మా. రెండు లోహపు పలకలు, వాటి మధ్య అడ్డంగా గాజో పింగాణీయో. వేల వోల్టుల ఏసీ ఇస్తే సన్నటి మెరుపులు లెక్కలేనన్ని పుట్టి, ఆర్క్ కాకముందే ఆరిపోతాయి. 1857లో జర్మనీలో వెర్నర్ వాన్ సీమెన్స్ ఓజోన్ కోసం కట్టిన గొట్టం ఈ పద్ధతిదే.

మామ: ఆగాగు. ఉరుముల వాన పడితే బుడ్డచేను పచ్చబడుతుందని మా నాయన అనేవాడు. మెరుపు గాలిలోని నైట్రోజన్‌ను కాల్చి ఎరువు చేస్తాదని నువ్వే చెప్పినావు. అంటే మెరుపు నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టించేది. దాన్నే తెచ్చి సైలెన్సర్లో పెట్టి నైట్రిక్ ఆక్సైడ్‌ను చంపుతానంటావే! దొంగ చేతికి తాళాలిచ్చినట్లు లేదూ?

అల్లుడు: దెబ్బ గట్టిదే. నార్వేలో బిర్కెలండ్, ఐడె అనే ఇద్దరు 1905లో నోటొడెన్‌లో ఆర్క్ పెట్టి గాలిలోంచి నైట్రిక్ ఆక్సైడ్ తీశారు. సున్నపురాయితో కలిపి ఎరువుగా అమ్మారు. కరెంటు ఎక్కువిస్తే నా డబ్బా కూడా ఆ పనికే దిగుతుంది. తక్కువగా, చల్లగా ఇవ్వాలి. అప్పుడు ఎలక్ట్రాన్లు నైట్రోజన్ జోలికి పెద్దగా పోవు, దాని బంధం గట్టిది. ఆక్సిజన్‌నే చీలుస్తాయి.

మామ: ఆక్సిజన్ చీలితే ఈ నైట్రిక్ ఆక్సైడ్ యాడికి పోతాంది?

అల్లుడు: నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది.

మామ: అంటే యాడికీ పోలేదు. చొక్కా మార్చుకుంది.

అల్లుడు: నిజమే, ఒట్టి ప్లాస్మా చేసేది అంతే. 1990లలో అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబులో పెనెట్రాంటే బృందం చూపించింది ఇదే. ఆక్సిజన్ ఉన్న పొగలో ప్లాస్మా ఆక్సీకరణ చేస్తుందే గానీ నైట్రోజన్‌గా వెనక్కి తిప్పదు. మీటర్లో నైట్రిక్ ఆక్సైడ్ ముల్లు పడిపోయిందని సంబరపడితే, రెండు ఆక్సైడ్లూ కలిపిన మొత్తం దాదాపు కదలదు. అందుకే వెనకాల క్యాటలిస్ట్ కావాలి.

మామ: అది వచ్చి అదనంగా ఏం చేస్తాది?

అల్లుడు: మన వీధిలో మగ్గాలు తెలుసుగా. కట్టలుగా వచ్చిన పట్టు నేరుగా మగ్గమెక్కదు. రాట్నం మీద కండెలకు చుట్టాలి. నైట్రిక్ ఆక్సైడ్ ఆ కట్టల పట్టు. ప్లాస్మా రాట్నం. అది చుట్టిచ్చిన నైట్రోజన్ డయాక్సైడ్ మగ్గానికి ఎక్కుతుంది. క్యాటలిస్టే మగ్గం. పడుగునూ పేకనూ కలిపి చీర దించుతుంది, తాను ఉన్నచోటే ఉంటుంది.

మామ: పడుగు సరే, పేక యాది?

అల్లుడు: పొగలో కాలకుండా మిగిలిన డీజిల్ ఆవిరి. ప్లాస్మా దాన్ని కూడా సగం కాల్చి ఆల్డిహైడ్లు చేస్తుంది, అవి మరీ చురుకు. అల్యూమినా, జియోలైట్ గుళికల మీద ఈ రెండూ కలిస్తే నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు. అక్కడ మాత్రం అది నిజంగా పోయినట్లే, వచ్చిన గాలిలోకే తిరిగి పోయినట్లు. ఆవిరి చాలకపోతే రోంత డీజిల్ చల్లాలి, లేదా అమోనియా ఇవ్వాలి.

మామ: ఆల్డిహైడ్లు కండ్లు మండించే సరుకు. మగ్గానికి చిక్కకుండా జారిపోతే?

అల్లుడు: అది కొత్త పాపమే. గుళికలు చాలినన్ని ఉండాలి. అవి ఎక్కడ పెట్టాలన్నదీ ఒక తగవు. రాట్నంలోనే మగ్గం పెట్టినట్లు గుళికలను ప్లాస్మా మధ్యలో పోస్తే, రెప్పపాటులో ఆరిపోయే ముక్కలు కూడా వాటి ముఖం మీదే పనిచేస్తాయి. వెనక డబ్బాలో పోస్తే ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ వంటి నిలకడైనవే చేరతాయి. కాకపోతే విప్పి మార్చుకోవడం తేలిక.

మామ: విప్పడం తేలిక అన్నావు చూడు, పొద్దుటినుంచి నాకు నచ్చిన మాట అదొక్కటే. మరి మసి? పలకల మీద పేరుకుంటే షార్ట్ కాదా?

అల్లుడు: అవుతుంది. మసి కరెంటు మోస్తుంది. అందుకే కొందరు పొగను ప్లాస్మాలోకి పంపరు. బయటి మంచి గాలితో ఓజోన్ చేసి దాన్ని పొగలోకి వదులుతారు. పొగ మరీ వేడిగా ఉంటే ఓజోన్ దారిలోనే విరిగిపోతుంది, అదొక చిక్కు. గంధకం ఇంకొకటి, మగ్గం మీద దుమ్ములా పేరుకుంటుంది. అయితే బీఎస్-4 కాలుష్య నిబంధన నాటి డీజిల్‌లో పది లక్షలకు 50 పాళ్లుండే గంధకం బీఎస్-6లో 10కి దిగింది. ఆ పోరు చాలావరకు తగ్గింది.

మామ: అంతా అమెరికా, నార్వే. మన పక్కన ఎవరన్నా చేసినారా?

అల్లుడు: బెంగుళూరు ఐఐఎస్‌సిలో, ఎలక్ట్రికల్ విభాగంలో, రజనీకాంత్ గారు చాలా ఏళ్లు ఈ పనే చేశారు.

మామ: రజనీకాంతా!

అల్లుడు: సినిమా ఆయన కాదు మామా, బి.ఎస్. రజనీకాంత్. నిజం డీజిల్ ఇంజిన్ పొగనే గొట్టంతో తీసి, ప్లాస్మా గుండా పంపి, వెనక రకరకాల గుళికలు పెట్టి చూశారు. నాకు నచ్చింది ఆ గుళికల ఎంపిక. ప్లాటినం ఒక్కటే దిక్కు అనుకోలేదు. అల్యూమినా ఫ్యాక్టరీలు గుట్టలు పోసే ఎర్రటి బురద, లిగ్నైట్ బూడిద లాంటి పారేసే సరుకును పట్టుకున్నారు. ఆ బురదలో ఇనుము, అల్యూమినియం, టైటానియం ఆక్సైడ్లున్నాయి. ఇక హైదరాబాద్ ఐఐటీలో చల్లపల్లి సుబ్రహ్మణ్యం గారు క్యాటలిస్టును ప్లాస్మాలోనే ఉంచి, ఫ్యాక్టరీల గాలిలో కలిసే సాల్వెంట్ ఆవిరులను విరగ్గొట్టడం మీద పనిచేశారు. అక్కడే తార్నాక ఐఐసీటీలో బెంజారం మహీపాల్ రెడ్డి గారు పనిచేసింది సీరియం ఆక్సైడ్ మీద. ఆక్సిజన్‌ను దాచుకొని అవసరానికి ఇచ్చే గుణం దానిది. దాని పక్కన మసి తక్కువ వేడికే కాలుతుంది.

మామ: ఆ బెంగుళూరు గుళికల గుండా ఇంజిన్ పొగంతా పోతాదా, రోంత పక్కకు తీసినదా?

అల్లుడు: పక్కకు తీసినదే. నిమిషానికి కొద్ది లీటర్లు.

మామ: ఈ సార్ ఇంజిన్ నిమిషానికి ఎన్ని లీటర్లు వదుల్తాది? ఇదో సుద్దముక్క, రాయి.

అల్లుడు గచ్చు మీద వంగాడు.

అల్లుడు: 550 సీసీ, 1500 చుట్లు. రెండు చుట్లకొక గుక్క. నిమిషానికి 750 గుక్కలు, సుమారు 410 లీటర్లు. సెకనుకు ఏడు. లీటరు పొగకు 30 జౌళ్లు కావాలనుకుంటే 210 వాట్లు.

మామ: ఆ కరెంటు ఆల్టర్నేటర్లో పుట్టి, నీ హై వోల్టేజ్ డబ్బాలో మారి రావాల. ఒక్కోచోట ఐదో వంతు వేడికి పోతాదనుకో.

అల్లుడు: అప్పుడు 330 వాట్లు. ఇంజిన్ ఇచ్చేది 3,700. నూటికి తొమ్మిది.

మామ: అది ఫుల్ లోడులో. పావు లోడులో? డీజిల్ ఇంజిన్‌కు థ్రాటిల్ లేదు నాయనా. లోడు తగ్గితే డీజిల్ తగ్గుతాది గాని గాలి తగ్గదు. అవే 410 లీటర్లు. 900 వాట్లు ఇచ్చేటప్పుడు గూడా నీకు 330 కావాల. మూడో వంతు నీ మెరుపులే తినేస్తాండాయి!

అల్లుడు: పావు లోడులో నైట్రిక్ ఆక్సైడ్ కూడా తక్కువే. లీటరుకు పది జౌళ్లు చాలాయనుకో. 110 వాట్లు, నూటికి పన్నెండు.

మామ: పన్నెండు తక్కువా? చెంచాడు డీజిల్ కలిసొస్తే దండం పెట్టే రైతులప్పా నా దగ్గరికి వచ్చేది. అందుకే కంపెనీలు కరెంటు మాట మరిచి యూరియా నీళ్లు పట్టుకున్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినాక కొత్త సిమెంటు లారీలన్నీ అవే తాగుతాండాయి.

అల్లుడు: దాచేదేముంది, ఆ పందెంలో ప్లాస్మా ఓడింది. పెద్ద ఇంజిన్లకు కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు బీఎస్-4 హద్దు. బీఎస్-6 దాన్ని 0.4 దగ్గరికి దించింది. నూటికి 32.5 పాళ్ల యూరియా కలిపిన నీళ్లు వేడి పొగలో అమోనియా అయి, క్యాటలిస్ట్ మీద ఆ పని ముగించాయి. కానీ పందెం జరిగింది వేడి పొగలో మామా. పొగ 200 డిగ్రీల లోపుంటే యూరియా చల్లరు, గడ్డకట్టి గొట్టం మూస్తుంది. అప్పుడే స్టార్ట్ చేసిన ఇంజిన్, ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో ఊరికే తిరిగే లారీ ఇంజిన్, పావు లోడు జనరేటర్, వీటిది చల్ల పొగ. ప్లాస్మా అక్కడ కూడా మేలుకొనే ఉంటుంది. పైగా రెండు ఆక్సైడ్లూ సగం సగం ఉంటే అమోనియా క్యాటలిస్ట్ పరుగెత్తుతుంది. ఆ సగం మార్చడం ప్లాస్మాకు తెలుసు.

మామ: సగం మార్చేదానికి బీఎస్-6 లారీలో ప్లాటినం డబ్బా ముందే ఉంది. దానికి కరెంటు అక్కరలేదు.

అల్లుడు: ప్లాటినమూ చల్ల పొగలో నిద్రపోతుంది.

మామ: నిద్రపోని కూలివాడు నీవాడొక్కడే, వాని కూలి నూటికి పన్నెండు. అయినా నాకు ఇంకొక మాట తోస్తాంది. యూరియా మూట కోసం రైతు లైన్లో నిలబడతాడు, ఆ యూరియానే లారీ తాగుతాది. దీన్ని తిప్పి చేస్తే? నీ ప్లాస్మా చేసే నైట్రోజన్ డయాక్సైడ్‌ను సున్నపు నీళ్లలోకి పంపితే, నార్వే ఎరువు కాదూ? మన చుట్టూ ఉన్నదంతా సున్నపురాయే. పొగ యాడికి పోయిందంటే, చేనికి పోయిందని చెప్తాం!

అల్లుడు: ఒక రాత్రి నాకూ ఇదే తోచింది. లెక్క వేశాక ఆశ చచ్చింది. ఈ ఇంజిన్ కిలోవాట్ గంటకు ఏడు గ్రాములు వదులుతుందనుకో. మూడు కిలోవాట్ల మీద ఎనిమిది గంటలు నడిస్తే 170 గ్రాములు. అందులో నైట్రోజన్ యాభై. 45 కిలోల యూరియా మూటలో నైట్రోజన్ ఇరవై కిలోల పైమాట. ఒక్క చుక్క వదలకుండా పట్టినా మూటకు సరిపడా కావాలంటే నాలుగు వందల రోజులు, మూడు వేల లీటర్ల డీజిల్.

మామ: మూడు వేల లీటర్లకు ఒక మూట! ఆ దుడ్లకు ఎరువుల అంగడే కొనొచ్చు.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక మేస్త్రీ గొంతు మారింది.

మామ: నేను మొండికేయడం లేదప్పా. రాయలచెరువు స్టేషన్‌లో రైళ్లు ఇప్పుడు కరెంటు తీగ కిందనే పోతాండాయి. బోర్లకు కరెంటు మోటార్లు, సోలార్ పంపులు. డీజిలే పోతాంటే దాని పొగకు మందెందుకని అడుగుతాండా. ఈ రోడ్డు మీద ముందు ఊపిరి పట్టేది సున్నపు దుమ్ము.

అల్లుడు: దుమ్ము నిజం. డీజిల్ పోవడం మాత్రం నెమ్మది. క్వారీల్లో కంప్రెషర్లు, ఎక్స్‌కవేటర్లు దాని మీదే తిరుగుతున్నాయి. ట్రాక్టర్లకు 2023 జనవరిలో కొత్త నిబంధన వచ్చింది, 50 హార్స్‌పవర్ దాటినవాటికే. జనరేటర్లకు అదే ఏడు జులైలో వచ్చింది, కొత్తగా అమ్మేవాటికే. ఇక్కడ ఇప్పటికే నడుస్తున్నవాటిని అడిగేవాళ్లు లేరు. నువ్వు బాగుచేసేవన్నీ అవే.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. స్టూలు మీది షిమ్ తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

మామ: అయితే నువ్వు తేవాల్సింది ఆ డబ్బా కాదు. ముందు మీటర్ తే. మసిని గుడ్డ చూపిస్తాది. నువ్వు చెప్పేదాన్ని చూపించేది నా దగ్గర ఏముంది? ముప్పయ్యేండ్లు ఈ షిమ్ములు తీసినా. ఎన్ని ఇంజిన్లో లెక్క లేదు. డీజిల్ కలిసొచ్చిందని వాళ్లు మెచ్చుకున్యారు, నేనూ మురిసినా. వెనకాల ఏం వదిలినానో నాకు తెలియాల.

అల్లుడు: ల్యాబులోది తేలేను మామా, అది ఖరీదు. కానీ కన్ను ఇక్కడే ఉంది. బీఎస్-6 లారీ సైలెన్సర్‌కు ఈ నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ ఉంటుంది చూడు.

మామ: అదా! అది చెడిపోతే లారీ లాగదు. డ్రైవర్లు దాన్ని తిట్టని రోజు లేదు.

అల్లుడు: వాళ్లు తిట్టేది చూసేదాన్ని. దానిలో నైట్రోజన్ డయాక్సైడ్‌ను కూడా నైట్రిక్ ఆక్సైడ్‌గా తిప్పి కొలుస్తారు. చొక్కా మార్చుకున్నంత మాత్రాన అది మోసపోదు. 2015లో వోక్స్‌వ్యాగన్ దొరికింది ఎట్లా? పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్లు మీటర్‌ను కారులో పెట్టుకొని రోడ్డెక్కితే లెక్క తేడా వచ్చింది. మంచి సెన్సర్ ఒకటి సంపాదించు, అంకె చూపించే డబ్బా నేను కడతాను. దానితో నా ప్లాస్మాను కూడా నువ్వే పరీక్షించు.

మామ: పరీక్షిస్తా. కరెంటు ఎంత తాగింది, పొగ యాడికి పోయింది, చెడిపోతే యాడికిలో ఎవరు విప్పుతారు. మూడూ అడుగుతా.

అల్లుడు: మూడోది నేను చదివిన ఏ పేపర్లోనూ లేదు.

మామ: రాసినోళ్లకు నాజిల్ విప్పే పని పడిండదు.

చీకటి పడింది. ట్యూబ్‌లైట్ రెండుసార్లు రెపరెపలాడి వెలిగింది. నేను డబ్బు తీయబోతే మేస్త్రీ వద్దని చెయ్యి ఊపాడు.

"రేపు పొద్దున తీసుకపోండి సార్," అన్నాడు. షిమ్ ఇంకా ఆయన అరచేతిలోనే ఉంది. "దీన్ని మళ్లీ పెట్టాల్నా వద్దా, నాకింకా తేలలేదు."